చెన్నై ఇంజినీరింగ్ కాలేజీల తెలుగు అధ్యాపకులకు, యాజమాన్యాలకు: మన పిల్లల ల్యాబ్ రికార్డుల గురించి

గౌరవనీయులైన అధ్యాపకులకు, విభాగాధిపతులకు, కాలేజీలు నడిపే పెద్దలకు నమస్కారం.

నేను పోరూరులో ఉంటున్న స్ట్రక్చరల్ ఇంజినీరుని. సొంతూరు నెల్లూరు జిల్లా. చెన్నై వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మీలో చాలామంది నాలాగే అటు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లే. తాంబరం నుంచి చెంగల్పట్టు వరకు, ఇటు శ్రీపెరంబుదూర్, ఆవడి దాకా ఏ కాలేజీ హాస్టల్‌కి వెళ్లినా గుంటూరు, ఒంగోలు, తిరుపతి పిల్లలు కనిపిస్తారు. అప్పు చేసి ఫీజు కట్టిన అమ్మానాన్నల పిల్లలు వాళ్లు. ఈ ఊళ్లో వాళ్లకు తమ భాషలో ఒక మంచి మాట చెప్పగలిగిన పెద్దవాళ్లు మీరే. అందుకే ఈ ఉత్తరం తెలుగులో, మీకే రాస్తున్నాను.

పోయిన సెమిస్టర్ చివర్లో మా మేనల్లుడు రెండు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. సివిల్, రెండో సంవత్సరం. డైనింగ్ టేబుల్ మీద రెండు పుస్తకాలు తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. ఒకటి ప్రొఫెషనల్ ఎథిక్స్ నోట్సు, రెండోది స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ రికార్డు. పక్కనే సీనియర్ దగ్గర తెచ్చుకున్న పాత రికార్డు. స్టీల్ రాడ్‌ని లాగి చూసే టెన్షన్ టెస్ట్ అది. మీకు తెలిసిందే, ఉక్కుకి యంగ్స్ మాడ్యులస్, అంటే లాగినప్పుడు సాగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే కొలత, చదరపు మిల్లీమీటరుకి సుమారు 2 లక్షల న్యూటన్లు రావాలి. వాడి బ్యాచ్‌కి లక్షా అరవై వేలే వచ్చిందట. సాగుదలను కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ జారినట్టుంది. మళ్లీ చేద్దామంటే టైమ్ లేదు, మిషన్ దగ్గర ఇంకో బ్యాచ్ నిలబడి ఉంది.

ఇక వాడేం చేస్తున్నాడంటే, రావాల్సిన జవాబు ముందు పెట్టుకుని వెనక్కి లెక్క కడుతున్నాడు. ఎంత లోడుకి ఎంత సాగితే రెండు లక్షలు వస్తుందో చూసి ఆ అంకెలు పట్టికలో నింపుతున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి కూడా వాడికి బెరుకేమీ లేదు. పైగా నాకే నేర్పించాడు: "అన్నీ కరెక్ట్‌గా ఒకే లైన్ మీద పడకూడదు మామయ్యా, అనుమానం వస్తుంది. ఒకటి రెండు పాయింట్లు కొంచెం పక్కకు పెట్టాలి."

ఆ పక్కనే ఉన్న ఎథిక్స్ నోట్సు తీసి చూశాను. రెండు మార్కుల ప్రశ్నల్లో ఒకటి: ట్రిమ్మింగ్, కుకింగ్, ఫోర్జింగ్ అంటే ఏమిటి? లెక్కలు కుదరడానికి రీడింగులు సర్దడాన్ని, నచ్చినవి ఏరుకోవడాన్ని, లేనివి పుట్టించడాన్ని చార్లెస్ బాబేజ్ 1830లోనే ఇలా విడివిడిగా పేర్లు పెట్టి తప్పు పట్టాడు. వాడు ఆ మూడింటి నిర్వచనాలూ కంఠస్థం పట్టి ఉన్నాడు. అడిగితే గడగడా అప్పజెప్పాడు. ఒక పుస్తకంలో చదివిన తప్పునే పక్క పుస్తకంలో తన చేత్తో రాస్తున్నానన్న ఆలోచన వాడికి రానే లేదు.

వాడి మీద నాకు కోపం రాలేదు. గుండె మాత్రం గుబేలుమంది. ఎందుకంటే ఆ పాయింటు పక్కకు పెట్టే విద్య నాకూ వచ్చు. నేనూ కాలేజీలోనే నేర్చుకున్నాను. దాంతో ఏం చేశానో చెబుతాను. అప్పట్లో ఒక పెద్దాయనకు, తర్వాత మా ఇంట్లో వాళ్లకు తప్ప ఇరవై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు.

2006లో నేను చెన్నై శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో జూనియర్ ఇంజినీరుని. ఒక సాయంత్రం మొదటి అంతస్తు పిల్లర్లు పోస్తున్నాం. మూడు లోడ్ల కాంక్రీటు రావాలి. రెండో బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుని రెండు గంటలు లేటుగా వచ్చింది. కాంక్రీటు బిగిసిపోయి పైపులో కదలడం లేదు. పంపు ఆపరేటర్ కేకలు, మేస్త్రీ కేకలు. ఎవరో మిక్సర్ డ్రమ్ములోకి గొట్టం పెట్టి నీళ్లు వదిలారు. నా కళ్ల ముందే జరిగింది. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం పడిపోతుందని మొదటి సంవత్సరం పిల్లవాడిక్కూడా తెలుసు. నేను నోరు తెరవలేదు. అయితే ఎందుకో ఆ బండి చలాన్ నంబరు, టైము, దాంట్లోంచి ఏయే పిల్లర్లు పోశారో నా పాకెట్ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాను. ఆ బండిలోంచే బలం పరీక్షకు క్యూబులు, అంటే కాంక్రీటు దిమ్మెలు కూడా తీశాం.

ఏడు రోజులకు పగలగొడితే తక్కువే వచ్చింది. "ఇరవై ఎనిమిది రోజులకు లేస్తుందిలే" అన్నారు. లేవలేదు. మాది ఎం25 కాంక్రీటు, అంటే చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్ల బలం ఉండాలి. దానికి 150 మిల్లీమీటర్ల క్యూబు ఒక్కొక్కటి 560 కిలోన్యూటన్లకు పైగా మోయాలి. మూడు క్యూబులూ 387, 414, 400 దగ్గర పగిలిపోయాయి. అంటే సగటున చదరపు మిల్లీమీటరుకి 17.8 న్యూటన్లు. అప్పటికే ఆ పిల్లర్ల మీద ఇంకో స్లాబు పడిపోయింది.

మా ఇన్‌చార్జ్ నన్ను తిట్టలేదు, బెదిరించలేదు. రిజిస్టర్ నా ముందుకు జరిపి, "వచ్చే వారం బిల్లు పాస్ అవ్వాలి, చూసి రాయి" అన్నాడు. అంతే. నేను రాశాను: 594, 612, 603. చూడండి, అన్నీ ఒకేలా ఉండకుండా మధ్యదాన్ని కొంచెం పైకి పెట్టాను. అలా పెట్టమని ఆయన చెప్పలేదు. ఆ జాగ్రత్త నా చేతికి ముందే అలవాటు. కాలేజీలో నాలుగేళ్లు రికార్డులు రాసిన చెయ్యి కదా. ఆ క్షణంలో ఏదో పెద్ద తప్పు చేస్తున్నట్టు కూడా అనిపించలేదు. రికార్డు పూర్తి చేసినట్టే అనిపించింది. మీకు ముఖ్యంగా తెలియాల్సింది ఈ మాటే.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మా స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఆఫీసుకి వెళ్లి జరిగినదంతా చెప్పాను. పెద్దాయన, తమిళాయన. గట్టిగా చివాట్లు పెడతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒకటే: "తంబీ, ఆ లోడు ఏ పిల్లర్లలోకి వెళ్లిందో రాసి పెట్టావా?" నోట్‌బుక్ తీసి చూపించాను. తొమ్మిది పిల్లర్లు. ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకింకా గుర్తుంది. ఆ పేజీ లేకపోతే అంతస్తులో ఉన్న ఇరవై ఎనిమిది పిల్లర్లనూ అనుమానించాల్సి వచ్చేది. పిల్లర్లలోంచి కోర్లు, అంటే డ్రిల్లుతో తొలిచిన కాంక్రీటు ముక్కలు తీయించారు. మూడింటి సగటు ఉండాల్సిన బలంలో కనీసం 85 శాతం రావాలి, ఏ ఒక్కటీ 75 శాతం కంటే తగ్గకూడదు. నిలబడలేదు. తొమ్మిదింటికీ చుట్టూ స్టీలు కట్టి మళ్లీ కాంక్రీటు పోసి లావు చేశారు. ఆ ఇళ్లలో ఇప్పుడు కుటుంబాలు ఉంటున్నాయి. నాకు మాత్రం అక్కడ ఉద్యోగం నిలవలేదు. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను.

ఇక 2014 జూన్ 28. మా పోరూరు పక్కనే మౌలివాక్కంలో, వాన కురుస్తున్న సాయంత్రం, కడుతూ ఉన్న పదకొండంతస్తుల భవనం కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన కూలీలు. వాళ్ల బంధువులకు తమిళం రాదు కాబట్టి తెలుగు తెలిసినవాళ్లు కావాలంటే మేం కొందరం వెళ్లాం. మార్చురీ బయట ఒక పెద్దామె కొడుకు ఆధార్ జిరాక్సు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. వానకు అది తడవకుండా చీర కొంగు కప్పింది. నేను ఏం పని చేస్తానని అడిగితే చెప్పాను. ఆవిడ నన్ను కాసేపు అలాగే చూసి, "అయితే బాబూ, కట్టినప్పుడు ఇంజినీరుబాబు ఉంటారు గదా, ఆరు సూసుకోరా?" అంది. తప్పు పడుతున్నట్టు అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అక్కడ ఏం తప్పు జరిగిందో విచారణ కమిషన్ వేసి చూశారు, పక్కనే ఉన్న రెండో టవర్‌ని 2016 నవంబర్ 2న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. నేనిక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. ఆవిడ ముందు నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం నేను రాసిన ఆ మూడు అంకెలే.

అదే 2014 జూన్‌లో, ఆ ప్రమాదానికి రెండు వారాల ముందే, మన దేశానికి వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం వచ్చింది. అర్హత పొందిన మన ఇంజినీరింగ్ కోర్సుల డిగ్రీలకు అంతర్జాతీయ గుర్తింపు అన్నమాట. ఆ ఒప్పందం ప్రకారం ఇంజినీరు కావాల్సినవాడికి ఉండాల్సిన లక్షణాల్లో వృత్తి నీతి ఒకటి. మీరు అక్రెడిటేషన్ ఫైళ్లలో ప్రతి సబ్జెక్టుకీ పట్టిక గీసి, అది ఎథిక్స్ ఎంత నేర్పుతుందో చెప్పే గడిలో 1 అనో 2 అనో 3 అనో వేస్తూనే ఉన్నారు. ఆ అంకెలు ఎలా పడుతున్నాయో మీ మనస్సాక్షికి తెలుసు. మీ మీద ఉన్న ఒత్తిడి కూడా నాకు తెలుసు. ఒక్కో సెమిస్టర్‌కి ఎన్ని ఫైళ్లు, ఎన్ని సంతకాలు, అడ్మిషన్ల కోసం ఎండాకాలం ఊళ్లు పట్టుకుని తిరగడాలు. నా స్నేహితులు మీలో ఉన్నారు.

అయినా అడగక తప్పదు. ఎందుకంటే డాక్టరుకి మెడికల్ కౌన్సిల్ ఉంది, లాయరుకి బార్ కౌన్సిల్ ఉంది, ఆర్కిటెక్టులకు 1972 నుంచి చట్టమే ఉంది. తప్పు చేస్తే పేరు కొట్టేస్తారన్న భయమైనా ఉంటుంది. ఇంజినీర్లందరికీ వర్తించే అలాంటి చట్టం దేశంలో ఇప్పటికీ లేదు. మీరు డిగ్రీ చేతిలో పెట్టిన మర్నాటి నుంచి ఆ పిల్లవాడిని ఆపి అడిగేవాళ్లు దాదాపు ఎవరూ ఉండరు.

మొదట ల్యాబ్ గురించి. దయచేసి సరైన జవాబుకి మార్కులు వేయడం మానండి. వచ్చిన రీడింగుకి వేయండి. మిషన్ దగ్గరే, పెన్నుతో, కొట్టివేతలతో సహా రాయించి అక్కడికక్కడే మీ సంతకం పెట్టండి. లక్షా అరవై వేలు వస్తే అదే ఉండనివ్వండి. ఎందుకు తక్కువ వచ్చిందో అరపేజీ రాసిన పిల్లవాడికి, రెండు లక్షలు దించేసినవాడి కంటే ఎక్కువ మార్కులు ఇవ్వండి. ఎక్స్‌టెన్సోమీటర్ ఎక్కడ జారిందో కనుక్కున్నవాడే కదా అసలు ఇంజినీరు! దీనికి సిలబస్ మార్చక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.

రెండోది, ఎథిక్స్ పాఠాన్ని విడిగా ఒక మూలన పెట్టకండి. మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌లో, ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లకు అంటగట్టే సబ్జెక్టుగా అది మిగిలిపోయింది. మనిషిలో నీతి ఎలా ఎదుగుతుందో కోల్‌బర్గ్ చెప్పిన దశలు, గిలిగన్ చెప్పిన దశలు, విజిల్ బ్లోయింగ్ (పనిచేసే చోట జరిగే తప్పును బయటపెట్టడం) నిర్వచనం. అవి తప్పని నేననను. కానీ స్టీల్ డిజైన్ చెప్పే మాస్టారు ఒక్క గంట కేటాయిస్తే ఎంత తేడా వస్తుందో చూడండి.

1981 జూలై 17న అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగులో పైకప్పు నుంచి దిగిన ఒకే రాడ్డుకి నాలుగో అంతస్తు వంతెన, దాని కింద రెండో అంతస్తు వంతెన వేలాడాలి. తయారీ సులువవుతుందని ఆ రాడ్డుని రెండు ముక్కలు చేశారు. దాంతో కింది వంతెన కప్పుకి కాకుండా పై వంతెనకి వేలాడింది. పిల్లలకు ఇలా చెప్పండి: బావిలో ఒకే తాడు పట్టుకుని ఇద్దరు వేలాడుతుంటే ఎవరి బరువు వాళ్ల చేతుల మీదే ఉంటుంది. కిందివాడు తాడు వదిలేసి పైవాడి కాళ్లు పట్టుకున్నాడనుకోండి. తాడు మీద బరువు మారదు, పైవాడి చేతుల మీద మాత్రం రెట్టింపు. పై వంతెన దూలం కింద ఉన్న నట్టుకి జరిగింది అదే. రెండో సంవత్సరం పిల్లలు బోర్డు మీద చేయగలిగిన లెక్క. ఆ లెక్క ఎవరూ చేయకుండానే మార్పు డ్రాయింగు మీద ఇంజినీర్ల ముద్ర పడింది. బాధ్యులైన ఇద్దరు ఇంజినీర్లకు ఆ రాష్ట్రంలో లైసెన్సు పోయింది. అడిగింది ఎవరు, ఒప్పుకుంది ఎవరు, ముద్ర వేసింది ఎవరు, ముందు ఏ కాగితం చూడాలి? ఈ ప్రశ్నలన్నీ ఆ గంటలోనే, ఆ నట్టు దగ్గరే వస్తాయి.

కంప్యూటర్స్ పిల్లలకు ఇవన్నీ దూరపు సంగతులనిపిస్తే ఫోక్స్‌వ్యాగన్ సంగతి చెప్పండి. కారు పరీక్షలో ఉందో రోడ్డు మీద ఉందో కనిపెట్టి, పరీక్షలో ఉన్నప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ రాశారు. 2015లో బయటపడింది. ఆ పనిలో పాలుపంచుకున్న జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరు నేరం ఒప్పుకున్నాడు. 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు వేసింది.

యాజమాన్యాల పెద్దలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొంచెం కటువుగా ఉంటే మన్నించండి. తనిఖీ బృందం వస్తుందంటే మూసి ఉన్న ల్యాబు తాళం తీయడం, లేని అధ్యాపకులను జాబితాలో చూపించడం పిల్లలు చూస్తూనే ఉంటారు. ఒకే అధ్యాపకుడి పేరు ఒకేసారి పలు కాలేజీల జాబితాల్లో ఉన్న సంగతి 2024లో ఈ రాష్ట్రంలోనే బయటపడి పత్రికలకెక్కింది. పరీక్ష అప్పుడు ఒకలా, మిగతా రోజుల్లో ఒకలా నడిచే కారుని తప్పు పట్టాలని తరగతిలో చెప్పి, ఆ తరగతి గది బయటే దాన్ని చూపిస్తే పిల్లలు దేన్ని నమ్ముతారు? ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు కొనుక్కొస్తున్నారని తెలిసీ సంతకాలు పెడుతున్నాం. తెలిసీ ఊరుకోవడం ఎలాగో పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. నేను ఆ మిక్సర్ దగ్గర నోరు తెరవకుండా నిలబడ్డది అలా నేర్చుకునే.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది. విజిల్ బ్లోయింగ్ పాఠం చెప్పేటప్పుడు మనం పిల్లలకు సత్యేంద్ర దూబే పేరు చెబుతాం. చెప్పాల్సిందే. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, జాతీయ రహదారుల పనుల్లో అవినీతి గురించి ప్రధానికి ఉత్తరం రాసిన ఇంజినీరు. తన పేరు గోప్యంగా ఉంచమని కోరినా ఆ ఉత్తరం ఆయన పేరుతోనే చేతులు మారింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన హత్యకు గురయ్యాడు. ఆ పేరు తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ అది ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఇరవై ఏళ్ల పిల్లవాడికి మిగిలేది భయమే. నిజం చెప్పడమంటే ప్రాణం ఇవ్వడమే, అది మనవల్ల కాదు అనుకుని రిజిస్టర్ ముందుకు జరుపుకుంటాడు. అలా తప్పు బయటపెట్టేవాళ్ల కోసం 2014లో చేసిన రక్షణ చట్టం కూడా ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి మీద ఫిర్యాదులకే గాని, ప్రైవేటు సైట్‌లో పనిచేసే పిల్లవాడికి అక్కరకు రాదు.

అందుకని వాళ్లకు చిన్న పనులు నేర్పండి. నీళ్ల గొట్టం డ్రమ్ములోకి వెళ్తున్నప్పుడే "అన్నా, ఆపు, ఈ లోడు వెనక్కి పంపుదాం" అని ఎలా అనాలో. ఇన్‌చార్జ్ రాయమన్నప్పుడు "వచ్చినవే రాస్తాను సార్, కింద రీటెస్ట్ అని నోట్ పెడతాను" అని మర్యాదగా ఎలా చెప్పాలో. ఆ సాయంత్రమే నాలుగు లైన్ల మెయిల్ ఎలా పెట్టాలో: తేదీ, బండి నంబరు, వచ్చిన అంకె, ఏ పిల్లర్లు, ఏం చేయమంటారు. ఇవి తరగతిలో చేయించి చూడండి. ఒకరిని ఇన్‌చార్జ్‌గా, ఒకరిని జూనియర్‌గా నిలబెట్టండి. మొదటిసారి గొంతు పెగలదు. నాలుగోసారి పెగులుతుంది. నాకు ఆ రోజు ఆ రెండు వాక్యాలు ఎవరైనా ముందే పలికించి ఉంటే, నేను రిజిస్టర్‌లో అబద్ధం రాసి ఉండేవాడిని కాదని నమ్ముతున్నాను.

మా మేనల్లుడికి ఆ రాత్రి ఈ కథంతా చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి లక్షా అరవై వేలు రాస్తే సార్ రికార్డు విసిరికొడతారు మామయ్యా" అన్నాడు. ఆ సార్ మీలో ఎవరో ఒకరు. వాడు మర్నాడు ఏం రాసి ఇచ్చాడో నేను అడగలేదు. అది వాడి ఒక్కడి మీద వదిలేయాల్సిన బరువు కాదనిపించింది.

శనివారాలు నాకు వీలు. ఏ కాలేజీకి పిలిచినా వస్తాను, దారి ఖర్చులు కూడా అక్కర్లేదు. ఆ పాకెట్ నోట్‌బుక్ ఇంకా నా దగ్గర ఉంది, వెనక పేజీలో బండి నంబరూ తొమ్మిది పిల్లర్ల నంబర్లూ సిరా కాస్త వెలిసినా చదవడానికి వస్తున్నాయి. అది తెస్తాను. కంప్రెషన్ మిషన్ ఉన్న ల్యాబు, ఇరవై ఎనిమిది రోజుల క్రితం పిల్లలే పోసిన మూడు క్యూబులు, గంటన్నర సమయం ఇవ్వండి. వాళ్ల చేతే పగలగొట్టిద్దాం, ఎంత వస్తే అంత, అక్కడే పెన్నుతో రాయిద్దాం.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు
పోరూరు, చెన్నై